విశాఖ తీరంలో 10 కిలోమీటర్ల సముద్రపు ఈత: 24 వారాల సన్నాహం

ఈతలో 10 కిలోమీటర్లను మారథాన్ దూరంగా పరిగణిస్తారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ నుంచి బహిరంగ జలాల్లో ఈ దూరానికి పోటీ జరుగుతోంది. విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ నుంచి రుషికొండ దాకా నీటి మీద గీత గీస్తే దాదాపు అంతే దూరం వస్తుంది కనుక, ఈ మార్గదర్శి ఆ దారినే లక్ష్యంగా పెట్టుకుంది. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 2024 డిసెంబరు చివర విశాఖలో బయలుదేరి, రోజుకు కొంత దూరం చొప్పున సుమారు 150 కిలోమీటర్లు ఈది 2025 జనవరి మొదట్లో కాకినాడ తీరం చేరారు. యాభై దాటిన వయసులో ఆమె ఆ పని చేయగలిగారంటే, క్రమశిక్షణతో ఆరు నెలలు వెచ్చించగల ఆరోగ్యవంతులకు 10 కిలోమీటర్లు అందని దూరమేమీ కాదు.

ఈ విషయం మీద దొరికే శిక్షణ ప్రణాళికల్లో చాలావరకు చల్లటి నీళ్లను దృష్టిలో పెట్టుకుని విదేశాల్లో రాసినవి. వాటిలో సగం పేజీలు చలిని తట్టుకోవడం గురించే ఉంటాయి. మన తీరంలో ఈతగాడిని కష్టపెట్టేవి వేరు: ఒడ్డున విరిగే అలలు, పక్కకు లాక్కుపోయే ప్రవాహం, తెల్లవారుజామున వేసి ఉంచిన వలలు, అన్నింటికీ మించి వేడి. అందువల్ల ప్రణాళికను ముందుగా విశాఖ సముద్రపు రుతువులకు సరిపెట్టుకుని, ఆ తర్వాతే కిలోమీటర్ల లెక్క వేసుకోవాలి.

ఏ నెలలో ఈదాలి

జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం పొంగి ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి సగం వరకు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన నగరానికి ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండతోపాటు మరో ఇబ్బంది ఉంది: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది కాబట్టి, వెంట రావడానికి పడవను కుదుర్చుకోవడం, దానికి అనుమతి తెచ్చుకోవడం మామూలు రోజుల్లో ఉన్నంత తేలిక కాదు. ఇవన్నీ తీసివేస్తే జనవరి నుంచి మార్చి వరకు మిగులుతుంది. ఫిబ్రవరి ద్వితీయార్ధం అన్నింటిలోకి అనుకూలమైనదని నా అభిప్రాయం. నీటి ఉష్ణోగ్రత అప్పటికి 26 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, పొగమంచు తగ్గుముఖం పడుతుంది, ఉదయం గాలి నెమ్మదిగా ఉంటుంది.

ప్రవాహం లెక్క దీనికన్నా ముఖ్యం. మన తూర్పు తీరం వెంబడి సాగే ప్రవాహం సుమారుగా ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నైరుతికి నడుస్తుంది. 100 మీటర్లను 2 నిమిషాల 15 సెకన్లలో ఈదే వ్యక్తి నిశ్చలమైన నీటిలో 10 కిలోమీటర్లను 3 గంటల 45 నిమిషాల్లో ముగిస్తాడు. సెకనుకు 30 సెంటీమీటర్ల ప్రవాహం వెనకనుంచి తోస్తే అదే దూరం 2 గంటల 40 నిమిషాల్లో పూర్తవుతుంది, ఎదురైతే 6 గంటలు దాటిపోతుంది. అంటే ఆరు నెలల శిక్షణ తెచ్చిపెట్టే లాభం కన్నా, ఏ ఒడ్డున దిగాలన్న నిర్ణయం తెచ్చే లాభమే ఎక్కువ కావచ్చు. ఫిబ్రవరి చివర అయితే రామకృష్ణా బీచ్‌లో దిగి రుషికొండలో తేలడం సహజమైన దిశ. అయినా రుతువును గుడ్డిగా నమ్మకుండా, ముందురోజు పడవలో వెళ్లి చూసుకోవాలి. సగానికి నీళ్లు నింపి మూత బిగించిన సీసాను నీటిలో వదిలి, అది 10 నిమిషాల్లో ఎంత దూరం, ఎటు కొట్టుకుపోయిందో ఫోనులోని జీపీఎస్‌తో కొలవాలి. 180 మీటర్లు పోయిందంటే పైన చెప్పిన 30 సెంటీమీటర్ల ప్రవాహం ఉన్నట్టు లెక్క. ఖాళీ సీసా గాలికి కొట్టుకుపోయి తప్పు లెక్క చూపుతుంది కాబట్టి సగం నింపడం అవసరం. కొలిచాక సీసాను తిరిగి పడవలోకి తీసుకోవాలి.

ఇలా ఫిబ్రవరి చివరి వారం నుంచి వెనక్కి లెక్కిస్తే శిక్షణ సెప్టెంబరు మొదట్లో మొదలవుతుంది. రుతుపవనాల, తుపానుల నెలలు కొలనులోనూ, డిసెంబరు మధ్యనుంచి వచ్చే వారాలు సముద్రంలోనూ గడుస్తాయి.

మొదలుపెట్టడానికి ముందు

ఆగకుండా 1,500 మీటర్లు ఫ్రీస్టైల్ ఈదగలగడం కనీస అర్హత. అది ఇంకా రాకపోతే ఈ 24 వారాలకు ముందు మరో మూడు నెలలు కలుపుకోవాలి. వైద్యుని చేత రక్తపోటు, ఈసీజీ, చెవుల పరీక్ష చేయించుకోవాలి. నలభై దాటినవారు, కుటుంబంలో చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినవారు ఉన్నవారు ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి కూడా అడగాలి. మూర్ఛ చరిత్ర ఉన్నవారు వైద్యుని స్పష్టమైన అనుమతి లేకుండా దీనికి పూనుకోరాదు.

కొలనులో పునాది: 1 నుంచి 14వ వారం వరకు

మొదటి వారంలోనే మీ వేగాన్ని కొలుచుకోవాలి. బాగా శరీరం వేడెక్కాక 400 మీటర్లు పూర్తి శక్తితో ఈది సమయం రాసుకోండి. తగినంత విశ్రాంతి తర్వాత 200 మీటర్లు ఈది అదీ రాసుకోండి. మొదటిదాని నుంచి రెండోది తీసివేసి సగం చేస్తే 100 మీటర్లకు మీ ప్రామాణిక వేగం వస్తుంది. 400 మీటర్లకు 8 నిమిషాల 20 సెకన్లు, 200 మీటర్లకు 4 నిమిషాలు పట్టినవారికి అది 2 నిమిషాల 10 సెకన్లు. 10 కిలోమీటర్ల ఈతను దీనికన్నా 100 మీటర్లకు 5 నుంచి 8 సెకన్లు నెమ్మదిగా ఈదాలి. ప్రతి ఆరు వారాలకు ఈ పరీక్ష మళ్లీ పెట్టుకుంటే చాలు. అంతకన్నా తరచుగా కొలుచుకోవడం ఆత్రమే తప్ప శిక్షణ కాదు.

వారానికి నాలుగు పూటలు ఈదాలి. ఒక పూట పూర్తిగా సాంకేతికతకు కేటాయించి, నీటిలో శరీరం అడ్డంగా, తుంటి పైకి తేలి ఉందో లేదో, చెయ్యి నీటిని పట్టుకునేటప్పుడు మోచెయ్యి కిందికి జారుతోందో లేదో కోచ్ చేత చూపించుకోవాలి, వీలైతే వీడియో తీయించుకోవాలి. రెండో పూట ప్రామాణిక వేగంలో 100 మీటర్ల చొప్పున 15 నుంచి 20 సార్లు, మధ్యలో 15 సెకన్ల విరామంతో ఈదాలి. మూడో పూట 400 మీటర్ల ముక్కలు నాలుగు నుంచి ఎనిమిది వరకు అసలు ఈతకు అనుకున్న వేగంలో సాగాలి. నాలుగోది దీర్ఘమైన ఈత. అసలు శిక్షణ ఈ చివరి పూటలోనే ఉంది, కనుక పని ఒత్తిడిలో ఏదైనా మానేయవలసి వస్తే మిగతా మూడింటిలో ఒకటి మానండి గాని దీన్ని వదలకండి.

మొదటి వారం మొత్తం 8 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి సుమారు ఒక కిలోమీటరు చొప్పున పెంచుతూ, ప్రతి నాలుగో వారంలో మూడో వంతు తగ్గించాలి. పదకొండో వారానికి 16, 17 కిలోమీటర్లు, పందొమ్మిది, ఇరవై ఒకటో వారాలకు 24 కిలోమీటర్లు వస్తాయి. దీర్ఘమైన ఈత కూడా దీనితోపాటే 2 కిలోమీటర్ల నుంచి మెల్లగా పెరిగి, ఇరవై ఒకటో వారంలో 8 కిలోమీటర్లకు చేరుతుంది. శిక్షణలో పూర్తి 10 కిలోమీటర్లు ఈదవలసిన అవసరం లేదు. ఈది తీరాలన్న పట్టుదల వల్ల భుజం దెబ్బతిని, అసలు రోజున ఒడ్డున కూర్చునే పరిస్థితి రావచ్చు.

భుజాల మాట వచ్చింది కనుక: 10 కిలోమీటర్ల ఈతలో ఒక్కో చెయ్యి కొన్ని వేల సార్లు తిరుగుతుంది. ఈత లేని రెండు రోజులు రబ్బరు బ్యాండుతో భుజాన్ని బయటివైపు తిప్పే వ్యాయామం, రెక్క ఎముకలను వెనక్కి దగ్గరగా లాగే వ్యాయామం, ప్లాంక్ చేయాలి. మొత్తం ఇరవై నిమిషాల పని. ఈది వచ్చిన తర్వాత కండలు బరువెక్కినట్టుండి మర్నాటికి తగ్గిపోతే ఆందోళన అనవసరం. భుజం ముందువైపు సూది గుచ్చినట్టు నొప్పి రావడం, చెయ్యి తలపైకి ఎత్తితే పట్టేయడం, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం మాత్రం ఆగమని చెప్పే గుర్తులు. అప్పుడు కిలోమీటర్లు తగ్గించి ఫిజియోథెరపిస్టును చూడాలి. నొప్పి మాత్ర వేసుకుని ఈదడం ఏ దశలోనూ తగదు.

ఒడ్డు దాటడం

కొలనులో 5 కిలోమీటర్లు సునాయాసంగా ఈదేవారు కూడా సముద్రంలో మొదటి 50 మీటర్ల దగ్గర చతికిలపడటం మామూలే. రామకృష్ణా బీచ్ ఒడ్డు వాలుగా, ఒక్కసారిగా లోతెక్కేలా ఉంటుంది, అలలు దాదాపు ఇసుక మీదే విరుగుతాయి, ఒడ్డునుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహాలకు, అంటే రిప్ కరెంట్లకు, ఆ తీరం పేరుమోసింది. నేర్చుకోవడానికి రుషికొండ మేలు. అక్కడైనా లైఫ్‌గార్డులు ఉన్న సమయంలో, వారు చూపిన హద్దులో, అనుభవజ్ఞుడు పక్కన ఉండగా మాత్రమే దిగాలి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట ఎంత గొప్ప ఈతగాడైనా దిగరాదు.

దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడటం తప్పనిసరి. పెద్ద అలలు గుంపులు గుంపులుగా వస్తాయి, గుంపుకీ గుంపుకీ మధ్య కాస్త తెరిపి ఉంటుంది. రెండు పక్కలా నురగ విరుగుతూ ఉండగా మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, ఇసుక కలిసిన రంగులో కనిపిస్తే అది దిగడానికి అనువైన చోటులా ఉంటుంది గాని, నీళ్లు వెనక్కి పరుగెత్తే దారి అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా, తేలుతూ ఊపిరి కుదుటపరచుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక వాటితోపాటు బయటికి రావాలి.

లోపలికి వెళ్లేటప్పుడు నీరు నడుము దాటకముందే అలను చూసుకుని, అది విరగడానికి కాస్త ముందు దాని మొదట్లోకి దూరాలి. రెండు చేతులు తలకు ముందు చాచి, నేలను తాకేంత కిందికి వెళ్లి, వేళ్లతో ఇసుకను పట్టుకుని ఒక్క క్షణం ఆగితే పైన అల దొర్లిపోయే చప్పుడు వినిపిస్తుంది, వీపు మీద నీరు బరువుగా లాగుతుంది. ఆ లాగుడు సడలగానే కాళ్లతో నేలను తన్ని పైకి లేచి ఊపిరి తీసుకుని, తర్వాతి అలకు సిద్ధం కావాలి. ఎదురుగా ఛాతీతో అలను ఆపాలని చూసేవారిని అది వెనక్కి విసిరేస్తుంది. బయటికి వచ్చేటప్పుడు ప్రతి నాలుగైదు చేతులకు (అంటే చేతి విసురులకు) ఒకసారి వెనక్కి చూడాలి. పెద్ద అలను ముందుకు పోనిచ్చి, దాని వెనకే ఈది, చేతులు ఇసుకను గీరే దాకా నిలబడకుండా ఉండాలి. నాలుగు గంటలు ఈదినవారికి నిలబడగానే తల తిరగవచ్చు కనుక ఒడ్డున ఒకరు చెయ్యి అందించడానికి ఉండాలి.

ఈ సాధనకే డిసెంబరులో రెండు వారాలు ఇవ్వండి. దూరం గురించి అప్పుడు ఆలోచించవద్దు.

నీటి మీద దారి చూసుకోవడం

ప్రతి 8 నుంచి 10 చేతులకు ఒకసారి కళ్లు మాత్రం నీటి పైకి వచ్చేలా తల ఎత్తి ముందుకు చూసి, ఆ వెంటనే పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవడం అలవాటు కావాలి. తల మొత్తం ఎత్తితే తుంటి మునిగి వేగం పోతుంది, మెడ నొప్పి పెడుతుంది. అల శిఖరం మీద ఉన్నప్పుడు చూడాలి. పల్లంలో ఉన్నప్పుడు చూస్తే కనిపించేది నీళ్లే. విశాఖ ఈతగాడికి గుర్తుల కొదవ లేదు: వెనక డాల్ఫిన్స్ నోస్, ఎడమ చేతివైపు కైలాసగిరి, ముందు రుషికొండ. ఒడ్డున ఉన్న చిన్న వస్తువులను నమ్ముకోకుండా, ఎత్తుగా, వెలుతురు మారినా చెదరకుండా కనిపించే కొండ అంచునే పట్టుకోవాలి.

రెండు వైపులా ఊపిరి తీసుకోవడం ఇక్కడ తప్పనిసరి. రామకృష్ణా బీచ్ నుంచి రుషికొండకు ఈదేటప్పుడు ఉదయపు సూర్యుడు కుడి ముందువైపు కళ్లలో పడతాడు, అలలు కూడా ఎక్కువగా కుడినుంచే వచ్చి నోట్లో కొడతాయి. ఒడ్డు ఎడమన ఉంటుంది. ఎడమవైపు ఊపిరి రానివారికి నాలుగు గంటలు నరకం. ముదురు రంగు అద్దాల గాగుల్స్ ఒక జత, అవి పాడైతే పడవలో మరో జత ఉంచుకోవాలి. ఏ జతనూ అసలు రోజున తొలిసారి వాడకూడదు.

సముద్రపు ఈతలన్నీ నారింజ రంగు టో ఫ్లోట్ (వెనక తేలుతూ వచ్చే గాలి సంచి) నడుముకు కట్టుకుని, మెరిసే రంగు టోపీ పెట్టుకుని సాగాలి. వానలు పడిన తర్వాత రెండు మూడు రోజులు ఊరి కాలువలు కలిసే చోట్లకు దూరంగా ఉండటం మంచిది.

వేడి, ఆహారం

నిపుణుల పోటీలకు నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు మించరాదన్నది అంతర్జాతీయ నిబంధన. 2010 అక్టోబరులో యూఏఈలోని ఫుజైరాలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో అమెరికన్ ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ వేడి నీటిలో ప్రాణాలు కోల్పోయాడు. అతడు అంతర్జాతీయ స్థాయి ఆటగాడన్న సంగతి మరచిపోకూడదు. నీటిలో ఉన్నా చెమట పడుతుంది, అది తెలియదు. మన దగ్గర మే నుంచి అక్టోబరు వరకు నీరు 29, 30 డిగ్రీలకు చేరుతుంది, ఆ నెలల్లో దీర్ఘమైన ఈతకు దిగకపోవడానికి ఇది మరో కారణం. ఫిబ్రవరిలో కూడా తెల్లవారగానే మొదలుపెట్టి, సముద్రపు గాలి జోరందుకోకముందే పది, పదిన్నర లోపు ముగించాలి.

గంటకు 60 గ్రాముల పిండిపదార్థం, 500 నుంచి 700 మిల్లీలీటర్ల ద్రవం మంచి ప్రారంభ లెక్క. దాన్ని అరగంటకోసారి, రెండు భాగాలుగా తీసుకోవాలి. మాల్టోడెక్స్ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి నీటిలో కలుపుకోవడం తేలిక. అది నచ్చనివారు వడకట్టిన పలుచటి రాగి జావలో బెల్లం, చిటికెడు ఉప్పు వేసుకుని ప్రయత్నించవచ్చు. రెండో గంటలో సగం అరటిపండు మెత్తగా చేసి ఇస్తే ఉప్పు నీటితో విసిగిన నోటికి హాయిగా ఉంటుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగానే ఉన్నా సోడియం తక్కువ, కనుక వాటి మీదే ఆధారపడితే చాలదు. ఏది తాగినా మొదట మామూలు నీటితో నోరు పుక్కిలించి ఉమ్మాలి. మింగిన సముద్రపు నీరు కడుపులో తిప్పడానికి మొదటి కారణం.

తాగడం కూడా సాధన చేయవలసిన పనే. సీసాకు సన్నని తాడు కట్టి పడవ నుంచి విసరాలి. ఈతగాడు వెల్లకిలా తేలుతూ 30 సెకన్లలో తాగి సీసాను వదిలేయాలి, పడవను పట్టుకోకూడదు. ప్రతి దీర్ఘమైన ఈతలోనూ ఇదే పద్ధతి పాటిస్తే, మీ కడుపు దేన్ని ఒప్పుకుంటుందో జనవరి నాటికి తెలుస్తుంది.

చంకలు, మెడ, తొడల లోపలివైపు వాజెలిన్ మందంగా పూయించుకోవాలి. మరొకరి చేత, చేతి తొడుగుతో పూయించుకుంటే గాగుల్స్ అద్దాలకు అంటదు. కొబ్బరి నూనె కొంతసేపటికే కొట్టుకుపోతుంది.

పడవ, మనుషులు, అనుమతులు

ఒంటరిగా సముద్రంలో ఈదడమన్నది ఈ ప్రణాళికలో ఎక్కడా లేదు. శిక్షణలో కయాక్ చాలు, అసలు రోజున ఇంజన్ ఉన్న ఫైబర్ బోటు, దానితోపాటు ఒక కయాక్ ఉండాలి. పెద జాలారిపేట, జోడుగుళ్లపాలెం వంటి ఊళ్ల మత్స్యకారులకు ఈ నీళ్లు అరచేతి గీతలు. ప్రవాహం, వలలు, ఆ రోజు గాలి గురించి వారి మాటకు మీ ఫోనులోని యాప్ కన్నా ఎక్కువ విలువ ఇవ్వండి. పడవ మనిషికి ముందుగానే మూడు విషయాలు విడమరచి చెప్పాలి: పడవ ఈతగాడికి ఒడ్డు అవతలివైపు, సుమారు 10 మీటర్ల దూరంలో, అతడి తలకు సమవరుసలో నడవాలి. ఈతగాడు పడవ వెనకభాగానికి ఎప్పుడూ రాకూడదు. దగ్గరికి తీసుకునేటప్పుడు ఇంజన్ న్యూట్రల్‌లో ఉండాలి.

వలల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. థర్మాకోల్ బెండ్లు, చిన్న జెండాలు వరుసగా కనిపిస్తే వాటి మధ్యనుంచి దూరకుండా చివరిదాకా చుట్టి వెళ్లాలి. పడవ ముందుగా చూసి విజిల్ ఊదాలి.

నౌకాదళం, ఓడరేవు ఉన్న నగరం కనుక అధికారులకు తెలపకుండా బయలుదేరరాదు. ఈ దారి ఓడల రాకపోకల మార్గానికి ఉత్తరంగా పోతుంది గనుక ఆ చిక్కు తక్కువే. అయినా తేదీ, సమయం, దారి, పడవ వివరాలతో మెరైన్ పోలీసులకు, కోస్ట్ గార్డుకు రాతపూర్వకంగా తెలిపి, అవసరమైన అనుమతులు ముందే తీసుకోవాలి. మెరైన్ పోలీసు 1093, కోస్ట్ గార్డు 1554, అంబులెన్స్ 108 నంబర్లు పడవలో రాసి అంటించాలి. పడవలో ప్రథమ చికిత్స, సీపీఆర్ తెలిసినవారు ఒకరు ఉండాలి.

ఆ వ్యక్తే ప్రతి అరగంటకు ఒకసారి, నిమిషంలో మీ చేతులు ఎన్నిసార్లు తిరుగుతున్నాయో లెక్కించి రాస్తారు. 60 ఉన్నది 52కు పడిపోయి, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తే ఈత అక్కడితో ఆగాలి. ఆపే అధికారం ఆయనదేనని, మీరు ఎంత బతిమాలినా వినవద్దని ముందే మాట ఇచ్చి ఉండాలి.

చివరి మూడు వారాలు

ఇరవై రెండో వారంలో 16 కిలోమీటర్లు, ఇరవై మూడులో 11, చివరి వారంలో అసలు ఈత కాక 5 కిలోమీటర్లు మించకూడదు. వేగం తగ్గించనక్కర లేదు, దూరం మాత్రమే తగ్గాలి. కొత్త గాగుల్స్, కొత్త ఆహారం, కొత్త వ్యాయామం ఏదీ మొదలుపెట్టవద్దు. ఈ కాలంలో ఒళ్లు బరువుగా, నిద్ర పలుచగా ఉండటం సహజం.

నాలుగైదు రోజుల ముందునుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఇచ్చే సముద్ర స్థితి సూచనలు, విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం ప్రకటనలు రోజూ చూడాలి. అల ఎత్తు మీటరు మించుతుందన్నా, మత్స్యకారులను వేటకు వెళ్లవద్దన్నా వాయిదా వేయాలి. అందుకే ఒక్క తేదీ కాకుండా వరుసగా ఐదారు రోజులు కేటాయించుకోవడం మంచిది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖలో పోటుకీ ఆటుకీ మధ్య నీటి మట్టం సుమారు మీటరున్నర మారుతుంది, ఒడ్డున అలల తీరు కూడా దానితో మారుతుంది. అష్టమి చుట్టుపక్కల రోజులు కాస్త నెమ్మది.

ఆ రోజు

రెండున్నర గంటల ముందు ఇడ్లీ గాని, అరటిపండ్లతో కొద్దిగా అటుకులు గాని తిని, అర లీటరు నీరు తాగాలి. మొదటి కిలోమీటరు మీకు మరీ నెమ్మదిగా అనిపించేంత వేగంలో సాగాలి. మూడో గంటలో మనసు గొణుగుతుంది, అప్పుడు రుషికొండ వైపు చూడటం మాని, వచ్చే సీసా దాకా మాత్రమే లెక్కపెట్టుకోవాలి.

జెల్లీ ఫిష్ తగిలితే రుద్దకుండా, మంచినీళ్లు పోయకుండా, సముద్రపు నీటితోనే కడిగి పోగులను పట్టకారుతో తీయాలి. ఒడ్డు చేరాక చర్మం ఓర్చగలిగినంత వేడి నీటిలో ఉంచితే మంట తగ్గుతుంది. ఊపిరి ఇబ్బంది, ముఖం వాపు, ఛాతీ బిగుతు కనిపిస్తే వెంటనే పడవెక్కించి ఆసుపత్రికి తరలించాలి.

ఒడ్డుకు చేరాక నీడలో కూర్చోబెట్టి ఉప్పు, చక్కెర కలిసిన ద్రవం కొంచెం కొంచెంగా ఇవ్వాలి, గంటలోపు పెరుగన్నం వంటిది తినిపించాలి. ఆ తర్వాత రెండు రోజుల్లో దగ్గు, ఆయాసం వస్తే అలసట అనుకోకుండా వైద్యుని చూడాలి. వారం రోజులు భుజాలకు పూర్తి విశ్రాంతి. అన్నింటికన్నా ముందు, ముందే సమాచారం ఇచ్చిన మెరైన్ పోలీసులకు, కోస్ట్ గార్డుకు ఈతగాడు క్షేమంగా ఒడ్డుకు చేరాడని పడవ మనిషి చేత ఫోను చేయించాలి.